సినిమాలో అయినట్టు మా అన్నకు నయం కాలేదు

సినిమాలో మతి చెడిన మనిషిని గుర్తుపట్టడం చాలా తేలిక. ఆడదైతే జుట్టు విరబోసుకుంటుంది, మగవాడైతే చొక్కా చించుకుంటాడు. నవ్వకూడని చోట నవ్వుతారు. వాళ్ళు తెర మీదికి రాగానే సంగీతం మారుతుంది కాబట్టి చూసేవాళ్ళు పొరపాటు పడే ప్రమాదమే లేదు. మా అన్న జబ్బు 1967 వానాకాలంలో మొదలైంది. అది జబ్బని మాకు అర్థం కావడానికి మళ్ళీ ఎండాకాలం రావలసి వచ్చింది. చొక్కా గుండీలు మాత్రం ఎప్పటిలాగే మెడదాకా పెట్టుకునేవాడు.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. మతి చెడినవాళ్ళున్న సినిమా టీవీలో వస్తే చేతిలో పని పక్కన పెట్టి కూర్చుంటాను. "అమ్మమ్మా, సినిమా చూస్తున్నవా, పరీక్ష పేపర్లు దిద్దుతున్నవా?" అంటుంది మా మనవరాలు. దిద్దుతున్నాననే ఒప్పుకోవాలి. చాలా పేపర్లకు నేను పాసు మార్కులు కూడా వేయలేదు.

బీదర్‌లో మాది తెలుగు మాట్లాడే క్రైస్తవుల ఇల్లు. మా నాయిన పుట్టింది ఆ పక్క పల్లె చింతకిలో. నిజాం కాలంలో ఉర్దూలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిశాక, నలభై దాటిన వయసులో కన్నడం నేర్చుకుని ఉద్యోగం నిలబెట్టుకున్న పంతులు. చర్చి పెద్దల్లో ఒకడు. సినిమా చూడడం పాపమని మా చర్చిలో అందరూ అనేవారు. అయితే మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఊళ్ళో సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చించేవాడు. ఆదివారం చర్చికి వచ్చేవాడు కాదు. ఆదివారం మ్యాటినీకి జనం ఎక్కువ. నాయిన ఆయనతో ముక్తసరిగా మాట్లాడేవాడు కాని, ఆయన అమ్మకు చెప్పే సినిమా కథలు పక్క గదిలో కూర్చుని ఒక్కటీ వదలకుండా వినేవాడు.

అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఊళ్ళో ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో ఒక పప్పుల వ్యాపారి దగ్గర తూకం రాసేవాడు. కాంటాకు ఎక్కించిన బస్తా బరువు గట్టిగా చదివి, చిట్టీ రాసి రైతు చేతికివ్వడం ఆయన పని. ముల్లు ఊగుతుండగా చదివేవాడు కాదు. హమాలీలు తొందరపెట్టినా అది నిలిచేదాకా ఆగేవాడు. ఔరాద్ వైపు రైతులు బండి ఆపి "పంతులు కొడుకు ఉన్నడా?" అని అడిగి మరీ ఆ దుకాణానికి వచ్చేవారు.

మొదట నిద్ర తగ్గింది. తర్వాత స్నానం మానేశాడు. తర్వాత అన్నం తింటూ మధ్యలో ఆగి, ఎవరో పిలిచినట్టు తల తిప్పేవాడు. ఒకరోజు గంజ్ నుంచి మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు.

"పక్క దుకాణంల నా తూకం గురించి మాట్లాడుకుంటుండ్రమ్మా. దొంగ తూకం అంటుండ్రు."

"ఎవరంటుండ్రు బిడ్డా?"

"మనిషి కనబడడు. మాట ఇనొస్తది."

సినిమాలో అయితే ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టు మోగుతుంది. మనిషి చెవులు మూసుకుని కేకలు పెడతాడు. అన్న చెప్పింది మామూలు గొంతు. పొరుగువాళ్ళు తమలో తాము మాట్లాడుకుంటే గోడ ఇవతల ఎలా వినపడుతుందో అలా. అందుకే ఆయన దాన్ని నమ్మాడు. బావిలోంచి వచ్చినట్టుంటే నమ్మేవాడు కాదని నా అభిప్రాయం.

చర్చి వాళ్ళు మా ఇంట్లో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. పాస్టరయ్య అన్న తలకు నూనె రాశాడు. అన్న మోకాళ్ళ మీద కదలకుండా కూర్చునేవాడు. ఇక మామ సలహా మామ ఇచ్చాడు.

"అక్కా, నా మాటిను. ఏదో దెబ్బ తగిలి మతి పోయింది, ఇంకో దెబ్బ తగిలితే వస్తది. తల మీద జర రాయి పడాలె, అంతే. 'అమ్మా, నేనేడ ఉన్న?' అనుకుంట లేస్తడు. నా కండ్లతోని పది సార్లు చూసిన."

"ముందు నీ తల మీద ఏస్త రాయి. గప్పుడన్న నీకు తెలివొస్తదేమో చూద్దాం."

"నా తలకు రాయి యాడ సాల్తదక్కా? రోకలి తే."

అన్న గోడకు ఆనుకుని వింటున్నాడు. మునుపు మామ నోరు తెరిస్తే చాలు నవ్వేవాడు. ఆ రోజు అమ్మ నవ్వి, వెంటనే అన్న ముఖం చూసి ఆపేసింది.

మామ సలహాను ఎవరూ పాటించలేదు గాని, భయాన్ని మాత్రం అందరం పంచుకున్నాం. హైదరాబాద్ తీసుకుపొమ్మని ఊళ్ళో డాక్టరు చెప్పినప్పుడు మామ చేతులు జోడించాడు. "పిచ్చి దవాఖాన పేరెత్తకు బావా. గొలుసులేసి కట్టేస్తరు. నెత్తికి కరెంటు పెడ్తరు. పానం ఉంటది గాని పోరడు ఉండడు." జీవితంలో ఒక్క సినిమా చూడని మా నాయిన ఆ మాటను నమ్మాడు. 1968 అట్లా పోయింది. 1969లో చాలా భాగం కూడా పోయింది. అన్న నీళ్ళు తాగడం కూడా మానేశాక, ఆ నవంబరులో నాయిన, నేను ఆయన్ని రైలెక్కించి వికారాబాద్ మీదుగా హైదరాబాద్‌లోని సర్కారు దవాఖానకు తీసుకెళ్ళాం.

అక్కడ నేను చూసినవి చెబుతాను. వేప చెట్లు, పొడవైన వరస, టిఫిన్ క్యారియర్లు పట్టుకున్న తల్లులు. వరసలో ఎవరు రోగి, ఎవరు వెంట వచ్చినవాళ్ళు అని ముఖం చూసి చెప్పడం నా వల్ల కాలేదు. లోపలి వార్డుల వైపునుంచి కేకలు వినపడ్డాయి, లేదని చెప్పను. కాని ఎక్కువగా వినపడింది దగ్గులు, గిన్నెల చప్పుడు. సినిమా డాక్టరు కళ్ళద్దాలు తీసి ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాడు. ఈ డాక్టరు ఉర్దూలో చాలాసేపు ప్రశ్నలడిగాడు. నిద్ర గురించి, తిండి గురించి, గంజ్ గురించి. గొంతు ఏమంటుందని అడిగితే అన్న చెప్పాడు. రెండేళ్ళలో ఆ ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగిన మొదటి మనిషి ఆయనే.

నాయిన కరెంటు గురించి అడిగాడు. 

"అది అందరికీ పెట్టం మాస్టర్ సాబ్. ఈయనకు అవసరం లేదు. గోలీలతో చూద్దాం," అన్నాడు డాక్టరు.

దేనికి జడిసి రెండేళ్ళు ఇంట్లో పెట్టుకున్నామో అది అన్నకు చివరిదాకా పెట్టనేలేదు. ఇతరులకు ఎలా పెట్టేవారో నేను చూడలేదు కాబట్టి ఆ సంగతి రాయను.

1970 జనవరిలో ఇంటికి తెచ్చాం. సినిమాలో నయమవడం ఒక నిమిషం పని. మా ఇంట్లో అది ఏ రోజు జరిగిందో నేను కూడా చెప్పలేను. మందులతో నోరెండిపోయేది, చేతులు సన్నగా వణికేవి, మధ్యాహ్నం ఎండలో పోతే ముఖం కమిలేది. నడిచేటప్పుడు చేతులు ఊగడం మానేశాయి. కొత్తవాళ్ళు ఆ నడక చూసి పిచ్చి అనుకునేవారు. అది పిచ్చి కాదు, మందు. ఎండాకాలంలో ఒకరోజు "ఏం కూర?" అని అడిగాడు. అమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుంది. దసరా వచ్చేసరికి గంజ్‌లో పూటపని చేస్తున్నాడు. ముల్లు నిలిచేదాకా మళ్ళీ ఆగుతున్నాడు.

మా చర్చిలో ఏటా ఫిబ్రవరిలో కోత పండుగ జరుగుతుంది. ఊళ్ళనుంచి చుట్టాలు జొన్నలు, కందులు, కోళ్ళు తెచ్చి పీఠం ముందు పెడతారు. మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. మునుపు ఎలా ఉన్నాను, ఇప్పుడెలా ఉన్నాను, దేవునికి స్తోత్రం, అంతే. 1971 కోత పండుగలో అన్న చేత సాక్ష్యం చెప్పించాలని నాయిన మొక్కుకున్నాడు. ముందు రోజు సాయంత్రం ఏం చెప్పాలో ఇద్దరూ వరండాలో కూర్చుని అనుకున్నారు. నేను బియ్యం ఏరుతున్నాను.

"నాయినా, ఇంకా జర ఇనొస్తది. దుకాణం తలుపు దగ్గరేసినట్టు, సన్నగ. అది గూడ చెప్పాల్నా?"

నాయిన అడ్డంగా తల ఊపాడు. "అది అక్కర లేదు బిడ్డా. స్తోత్రం చెప్పి కూసో."

మర్నాడు అన్న లేచి చెప్పాడు. మాట తడబడలేదు. "ఏసయ్య నాకు స్వస్థత ఇచ్చిండు" అనగానే చర్చి అంతా స్తోత్రం అంది. మామ కూడా వచ్చాడు. చెప్పులు విడిచే చోటనే నిలబడి, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇగ శుభం అని పడుడే తక్కువ," అన్నాడు నాతో. మా నాయిన సాక్ష్యం, మా మామ సినిమా అక్కడ ఒకటయ్యాయి. జబ్బు వస్తుంది, పోతుంది, పోయాక కథ ఉండదు. ఇద్దరిలో ఎవరూ గోలీల సీసా గురించి ఆలోచించలేదు.

ఆలోచించింది నిర్ణా అనే ఊరినుంచి వచ్చిన మా మేనత్త. విందు అయ్యాక అన్న వరండాలో నీళ్ళ చెంబు పట్టుకుని గోలీ నోట్లో వేసుకోబోతుంటే చూసింది.

"ఏందిరా అది?"

"గోలీ అత్తమ్మా."

"పొద్దుగాల సాక్షెం చెప్పిన నోట్లెనే గోలీనా? నయమైతే గోలీ ఎందుకు? గోలీ కావాల్నంటే సాక్షెం ఎందుకు చెప్తివి?"

అత్తది చెడ్డ మనసు కాదు. ఆమెకు నిజంగానే అర్థం కాక అడిగింది. ఆమె అడిగిన తీరులో తప్పు కూడా లేదు. లెక్క మొదటి మెట్టులో తప్పింది కాబట్టి చివర అట్లా తేలింది. గంజ్‌లో ఒక్క గింజ తేడాకు ఒప్పుకోని మనిషి మా అన్న. గోలీ మళ్ళీ సీసాలో వేసి మూత పెట్టాడు. రెండు రోజుల తర్వాత నాయినతో చెప్పాడు, "గోలీలు బంద్ చేసిన. ఏసుకుంటే నా సాక్షెం అబద్ధమైతది." నాయిన అది విశ్వాసం అనుకున్నాడు. అమ్మ ఒక్కతే, "జర డాక్టర్‌ను అడిగితే ఏం పోతది?" అంది. 

తర్వాత జరిగింది నేను ఏ సినిమాలోనూ చూడలేదు. మందు ఆపగానే అన్న బాగయ్యాడు. చేతుల వణుకు పోయింది. నోట్లో తడి వచ్చింది. మామ మాటలకు పకపకా నవ్వాడు. నాలుగు నెలలు ఇల్లు పెళ్ళివారిల్లులా ఉంది. జూన్‌లో నేను టీచర్ ట్రైనింగుకు గుల్బర్గా పోయేటప్పుడు నా ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కించింది ఆయనే. మందు ఆపిన మర్నాడే జబ్బు తిరిగి వచ్చి ఉంటే మేమందరం నమ్మేవాళ్ళం. అది ఆలస్యంగా వచ్చింది.

జూలైలో ఆయన బరువు చదవడం ఆపేశాడు. ముల్లు నిలిచినా, అది ఇంకా ఊగుతోందని కూర్చున్నాడు. రైతులు బండ్లు కట్టుకుని కాచుకున్నారు, లారీలు హారన్ కొట్టాయి, ఆయన కదలలేదు. యజమాని కోప్పడలేదు. ఒక హమాలీని తోడిచ్చి ఇంటికి పంపించాడు.

నాయిన మళ్ళీ హైదరాబాద్ తీసుకెళ్ళాడు. మందెందుకు ఆపారని అడిగి డాక్టరు వార్డులో చేర్చుకున్నాడట. వార్డులో ఇచ్చినన్నాళ్ళు అన్న మందు మింగాడు, కొంచెం తేరుకున్నాడు. ఇంటికొచ్చాక మళ్ళీ గోలీకి నోరు తెరవలేదు. "దవాఖానల ఆళ్ళు ఏసిండ్రు. ఈడ నేను ఏసుకుంటే నేను అబద్ధ సాక్షినైత."  అమ్మ గోలీలు నూరి జొన్నరొట్టె పిండిలో కలిపింది. చేదు తెలిసిపోయింది. ఆ రోజు నుంచి అమ్మ చేతి వంట తినడం మానేశాడు. పచ్చి ఉల్లిగడ్డ, బెల్లం, తన కళ్ళ ముందు తోడిన బావి నీళ్ళు. సెలవులకు వచ్చి చూసేసరికి చొక్కాలో మనిషి లేనట్టు ఉన్నాడు. సినిమాలో తల్లి ముద్ద కలిపి పెడితే పిచ్చివాడు చిన్నపిల్లాడిలా నోరు తెరుస్తాడు. మా అమ్మ కంచం పట్టుకుని నిలబడితే అన్న గోడవైపు తిరిగేవాడు. కన్న కొడుకు తనను చూసి భయపడడం ఎలా ఉంటుందో మా అమ్మ ఎవరికీ చెప్పలేదు.

1972 కోత పండుగకు నేను గుల్బర్గా నుంచి వచ్చాను. ఆ ఉదయం నాయిన గడ్డం గీసుకుంటూ రెండు చోట్ల కోసుకున్నాడు. అన్నను చేయి పట్టుకుని తీసుకెళ్ళి మగవాళ్ళ వైపు, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సాక్ష్యాల వేళకు లేచాడు.

"పోయినేడు ఇదే జాగల నా కొడుకు స్వస్థత అయిందని చెప్పిండు. వానికి నయం కాలేదు. ఇంకా ఇనొస్తున్నదని వాడు ముందుగాలనే నాకు చెప్పిండు. చెప్పకు అన్నది నేను. గోలీలు ఏసుకుంటే వాడు మంచిగుంటడు, ఆపితే ఉండడు. దేవుడు ఇయ్యలేడని నేను అంటలేను. ఇయ్యలేదు అంటున్న. ఆ సాక్షెం నాది, నేను ఎనుకకు తీసుకుంటున్న. వాని మీద ఏ అబద్ధం లేదు."

సాక్ష్యం వెనక్కి తీసుకున్న మనిషిని మా చర్చిలో ఎవరూ చూసి ఉండరు. పాస్టరయ్య పాట పాడమన్నాడు, ఎవరూ అందుకోలేదు. పీఠం ముందు కట్టేసిన కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. అప్పుడు అన్న తలవంచుకునే, "బరాబర్," అన్నాడు. గంజ్‌లో కాంటా సమంగా నిలిస్తే అనే మాట. గట్టిగా అనలేదు, కాని అందరికీ వినపడింది.

బయటికొచ్చాక మేనత్త ఏడుస్తూ నాయినను పట్టుకుంది. "నా నోటిమాటకు మందు బంద్ చేస్తరారా? నేను చదువు రానిదాన్ని, నువ్వు పంతులువు గదరా!" నాయిన, "నీది ఏం లేదక్కా," అన్నాడు. కొందరు మాతో మాట్లాడడం మానేశారు. నాయిన మళ్ళీ చర్చి పెద్దగా ఎన్నిక కాలేదు.

ఇంటికొచ్చి కూర్చోగానే అన్న అరచెయ్యి చాపాడు. "నాయినా, ఇగ ఏసుకోవచ్చునా?"

ఇక్కడ ఆపేస్తే ఇది కూడా సినిమా అవుతుంది. మేము మళ్ళీ హైదరాబాద్ పోయాం. ఆపిన ప్రతిసారీ కొంత పోతుందని, పోయిందంతా తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. అలాగే జరిగింది. కేకలు లేవు, భయం తగ్గింది, స్నానం చేసేవాడు. కాని గంజ్‌కు మళ్ళీ పోలేదు. తీసుకెళితే కాంటా ముందు నిలబడి, కాసేపయ్యాక ఇంటికి పోదామనేవాడు. మామ జోకులకు మర్యాదగా నవ్వేవాడు, ఒక క్షణం ఆలస్యంగా. మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక అయిన ఏడాది, క్రిస్మస్ ముందు, అమ్మ రొట్టె చేస్తుంటే వంటింటి గడపలో కూర్చుని చూసి, పెనం మీదినుంచి తీసిన రొట్టె ఆమె చేతినుంచి తీసుకుని తిన్నాడు. అప్పటికి ఆమె చేతి వంట తినక రెండేళ్ళు దాటింది. అమ్మ ఇంకో రొట్టె తట్టింది.

సగం నయమైన మనిషిని నేను ఇప్పటిదాకా తెర మీద చూడలేదు. పొద్దున మందు వేసుకుని, పాలు తెచ్చి, మధ్యాహ్నం పడుకుని, తన ఈడువాళ్ళు పిల్లల్ని సైకిలు మీద బడికి తీసుకెళుతుంటే వరండాలోంచి చూసే మనిషిని ఎవరు చూస్తారు? మేము ఆరేళ్ళు చూశాం. ఎక్కువ రోజులు సంతోషంగానే చూశాం.

1978 మార్చిలో ఆయనకు కామెర్లు వచ్చాయి. రెండు వారాల్లో పోయాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు.

సమాధి దగ్గర మాట్లాడవలసిన పాస్టరయ్య కొత్తగా వచ్చినవాడు. మా సంగతి ఆయనకు ఎవరో సగం చెప్పారు. "ఈ సహోదరుడు దుష్టశక్తులతో పోరాడి..." అని మొదలుపెట్టాడు. నాయిన మా మామ భుజం పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేయి ఎత్తి ఆపాడు.

"పాస్టరయ్యా, అది గాదు. మా వానికి జబ్బు ఉండె. ఆరేండ్లు రోజూ మందు ఏసుకున్నడు. ఒక్క నాడు గూడ తప్పలే. అది చెప్పు."

ఆ యువకుడు ఏం చేయాలో తోచక బైబిలు మూశాడు, మళ్ళీ తెరిచాడు. తర్వాత మా అందరి వైపు తిరిగి, ఈ సహోదరునికి జబ్బు ఉండేదని, అయిదేళ్ళు రోజూ మందు వేసుకున్నాడని చెప్పాడు.

ఆరేళ్ళు. నాయినకు తెలుసు, అమ్మకు తెలుసు, నాకు తెలుసు. ఎవరమూ సరిదిద్దలేదు.